నాలుక మీద ఇసక

నమోదు 1

లంగరుపాలెంలో నాకు ముందుగా చూపించింది ఆకు కాదు, ఉమ్మే చోటు.

ఆకుల తీగలు పెంచే పంటుకి, అంటే నీళ్ల మీద తేలే బల్లకట్టుకి, తూర్పు అంచున ఒక ఇనుప కమ్మీ ఉంది. చేతులు ఆనించీ ఆనించీ దాని రంగు పోయింది. మధ్యాహ్నం గంట కొట్టగానే పాలెం జనం వంతులవారీగా ఇక్కడికి వస్తారు. రెండు పొడపత్రి ఆకులు నమిలి, ఆ రసం నోరంతా పుక్కిలిస్తారు. తర్వాత చిటికెడు బెల్లం నాలుక మీద వేసుకుంటారు. తీపి తెలియకుండా బెల్లం ఇసకలా తగిలితే ఆకు పట్టినట్టు. అప్పుడు దాన్ని కమ్మీ మీంచి సముద్రంలోకి ఉమ్మి, "నీ ఇసక నీకే" అని భోజనానికి వెళతారు.

నేనూ నమిలాను. చేదు, వెనకాలే పచ్చిగడ్డి వాసన. బెల్లం వేసుకుంటే నోట్లో తడి ఇసక. అలవాటు లేక మింగేశాను.

"ఏవండోయ్ విలేకరి గారూ, మింగేసేరేంటండీ!" అంది నూకరత్నం. "ఉమ్మాలండి. బెల్లం మింగే కాడికి ఆకెందుకు నమలడం?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈ తీగలు పెంచేది నూకరత్నమే. యాభై దాటిన మనిషి. మెడలో కత్తెర వేలాడుతుంటుంది. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా విన్నాకే మాట్లాడుతుంది.

గట్టు రేడియో, అంటే నేల మీది ఊళ్ల రేడియో, నన్ను పంపింది ఈ ఆకు గురించే. నలభై పంటుల్ని గొలుసులతో కట్టి నీళ్ల మీద నిలిపిన ఊరిది. వరి లేదు. రెండు పూటలా నాచు తొట్లలో పండే పిండే తిండి. పులిసేటప్పుడు ఆ పిండి దానంతటదే తీపెక్కుతుంది. ఎంత తిన్నా ఇంకా తినాలనిపిస్తుంది. ఒకప్పుడు పాలెంలో ముప్పై దాటినవాళ్లలో షుగరు లేని మనిషిని వెతకాల్సి వచ్చేదట. ఆకు నమిలాక అదే పిండి ఉడకబెట్టిన అట్టముక్కలా ఉంటుంది. ఆకలి తీరేంత తిని లేచిపోతారు. ఈ మధ్యాహ్నం నేను కూడా అంతే.

ఈ పద్ధతి మొదలయ్యాక చాలామంది షుగరు నంబర్లు తగ్గాయని పాలెం డాక్టర్ హసీనా చెప్పారు. తగ్గనివాళ్లూ ఉన్నారని వెంటనే అన్నారు. రెండూ రాసుకున్నాను.

నమోదు 2

లోవరాజుతో గొలుసుల పంటు మీద ఉన్నాను. నూకరత్నానికి తమ్ముడు, పాలెంలో అందరికంటే లోతుకి దిగే మనిషి.

ఊరి గొలుసులు మునిగిపోయిన పాత తుపాను షెల్టరు స్తంభాలకు కట్టి ఉన్నాయి. తుప్పు పట్టిన మేకుల్ని మార్చాలి. లంకెల మీద పేరుకున్న గుల్లలు గీకాలి. ఒక గొలుసు తెగితే పక్క గొలుసు మీద బరువు పడుతుంది, అదీ తెగితే పంటులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. లోవరాజు గాలిగొట్టం నోట్లో పెట్టుకుని దిగుతాడు. పైన అతని భార్య మంగతాయి తాడు పట్టుకుంటుంది. తాడు లాగే తీరునుబట్టి కింద ఏం జరుగుతోందో ఆమెకి తెలుస్తుంది.

"ఇప్పుడేం చేస్తున్నాడమ్మా?" అని అడిగాను.

"మేకు రాడం లేదండి. తిడతన్నాడు."

"తిట్టు కూడా తాడులో తెలుస్తుందా?"

"కాపురం చేస్తన్నాను కదండీ, ఆమాత్రం తెలీదా?"

లోవరాజుకి షుగరు పాతదే. రోజూ ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. పున్నమి పోటుకి తీర ఆరోగ్య మండలి పడవ వస్తోంది. మండలి నిబంధన ప్రకారం, సూది మీద ఉన్న మనిషికి నంబరు నూట పదిలోపు ఉంటేనే నీళ్లలోకి దిగే అనుమతి. కిందటిసారి లోవరాజుకి నూట నలభై వచ్చింది. ఇదే ఆఖరి అవకాశమని చెప్పి వెళ్లారు. అనుమతి పోతే గొలుసుల పంటు మీద ఇల్లు కూడా పోతుంది. గట్టు మీద శిబిరంలో చోటిస్తారు.

"శిబిరంలో ఏం చెయ్యాలండి నేను?" అన్నాడు లోవరాజు, చెవుల్లో నీళ్లు దులుపుకుంటూ. "కుళాయి కాడ లైన్లో నిలబడాలా? మా అక్క ఆకు ఉందండి నాకు. చూడండి, ఈసారి మండలోళ్లు కళ్లు తేలేస్తారు."

నమోదు 3

పొద్దుటి నుంచి ఆకులు కడుగుతున్నాను.

రాత్రి గాలికి తీగల మీద ఉప్పు పేరుకుంటుంది. వాననీళ్ల పీపాలో ముంచిన గుడ్డతో ఒక్కొక్క ఆకునీ తుడవాలి. పాత తెరచాప కొయ్యలకు వలలు కట్టి తీగలు పాకించారు. వేళ్లు మట్టి బస్తాల్లో ఉన్నాయి. ఆ మట్టి గట్టు నుంచి తెచ్చింది, కాబట్టి పంటు మీద ఒక్క చెంచాడు పడినా ఎత్తి బస్తాలో వేస్తారు.

నూకరత్నం ప్రతి కొయ్య నుంచీ ముందు ఒక ఆకు తెంపి తనే నములుతుంది. పట్టకపోతే ఆ కొయ్య ఆకు ఆ రోజు ఎవరికీ ఇవ్వదు. ఒకసారి నమిలాక నాలుక మళ్లీ మామూలయ్యేదాకా రెండో కొయ్య జోలికి పోదు. గంట పైనే పడుతుంది. అందుకే తెల్లారకముందే మొదలుపెడుతుంది.

"ఇదంతా మీరే కనిపెట్టారా?" అని అడిగాను.

"అబ్బే, ఎంత మాటండి. తీగ మన్యం వాళ్లు ఇచ్చేరు. వాళ్ల పెద్దలు నవిలేరు, వాళ్లూ నవిలేరు. నేను ఉప్పు తుడుస్తన్నానంతే."

ఈ ఆకుని మిగతా తేలే ఊళ్లకి పంపాలా వద్దా అన్నది కూడా మండలి పడవే తేల్చుతుంది. ఆమె ఇప్పటికే మొలకల కోసం కొమ్మలు తడిగుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంచింది.

గంట కొట్టారు. భోజనాలకి ముందు, ఎవరి నంబరు చూసుకోవాలంటే వాళ్ల వేలు షుగరు చూసే మిషనులో పెడతారు. మిషను దగ్గర కూర్చున్నవాళ్లు నంబరు మైకులో చదువుతారు. తగ్గితే చప్పట్లు. ఇది ఇక్కడి ఆనవాయితీ.

"లోవరాజు! తొంభై ఎనిమిది!"

పంటు ఊగేలా చప్పట్లు కొట్టారు. లోవరాజు చేతులెత్తి నాలుగు వైపులా దండం పెట్టాడు. నూకరత్నం చప్పట్లు కొట్టలేదు. తల వంచుకుని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. ఆమె సంతోషం నాకు కనిపించింది.

నమోదు 4

"లోవరాజు! డెబ్బై ఒకటి!"

ఈలలు కూడా వేశారు. లోవరాజు ఇప్పుడు మధ్యాహ్నం ఒక్కసారి కాదు, పొద్దుటా సాయంత్రం కూడా ఆకు నములుతున్నాడు. పిండి సగమే తింటున్నాడు. ముఖం పీక్కుపోయింది. హుషారుగానే ఉన్నాడు, కానీ గ్లాసెత్తితే నీళ్లు చొక్కా మీద ఒలికాయి.

డాక్టర్ హసీనా చప్పట్లు కొట్టలేదు. తర్వాత ఆమె గదిలో మాట్లాడాను.

"ఈ ఊళ్లో 'షుగరు ఎక్కింది' అనే మాట ఉంది. మరీ దిగిపోతే అనడానికి మాటే లేదు," అన్నారామె. "దిగడమంటే వీళ్లకి పండగ. దిగితే మనిషి పడిపోతాడని ఎన్నోసార్లు చెప్పాను. వింటారు. మర్నాడు మళ్లీ చప్పట్లు కొడతారు."

"ఆకు ఆపించలేరా?"

"ఆకు మీద నాకు కోపం లేదు. సూది లేనివాళ్లకి అది బాగానే పని చేస్తోంది. ఆకు, సూది, ఖాళీ కడుపు, ఈ మూడూ కలవకూడదు. ఇన్సులిన్ సగానికి తగ్గించమన్నాను. తగ్గించానన్నాడు."

"నమ్మారా?"

"నంబరు నమ్మనివ్వడం లేదు," అన్నారు.

ఆమె ఈ మాట నూకరత్నానికీ చెప్పారు. నూకరత్నం తమ్ముణ్ణి పిలిచి నా ముందే అడిగింది.

"నిజం చెప్పరా. సూది తగ్గించేవా?"

"తగ్గించేనక్కా."

"నా మీద ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టక్కా. అంతా నీ ఆకు మహత్యమే."

ఆమె నమ్మింది. ఆకు మీద నమ్మకం ఉన్నవాళ్లకి ఆ జవాబు కంటే తీయగా వినిపించేది ఏముంటుంది?

నమోదు 5

మండలి పడవ సాయంత్రానికి వస్తుందని కబురు. డాక్టర్ హసీనా మండలి వాళ్ల బసకి ఏర్పాట్లు చూడడానికి రేవు పంటుకి వెళ్లారు. అది ఊరికి ఆ చివర.

మధ్యాహ్నం లోవరాజు గొలుసు దగ్గర్నుంచి నేరుగా ఆకుల పంటుకి వచ్చాడు. చెమట కారుతోంది. నీళ్లలోంచి వచ్చాడు కదా అనుకున్నారు. ఆకు నమిలాడు, బెల్లం వేసుకుని ఉమ్మాడు, మిషనులో వేలు పెట్టాడు.

"లోవరాజు! నలభై తొమ్మిది! ఊరి రికార్డు!"

చప్పట్లు, ఈలలు. లోవరాజు నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఉన్నట్టుండి పక్కవాణ్ణి "నా తాడు ఎవడు కోసేడ్రా?" అని కాలరు పట్టుకున్నాడు. తాడేమీ లేదు. కమ్మీ పక్కన కూలబడ్డాడు.

మంగతాయికి తెలిసింది. షుగరు మరీ దిగితే తీపి పెట్టమని డాక్టరు చెప్పింది ఆమెకి గుర్తుంది. పళ్లెంలోంచి బెల్లం ముక్క తీసి మొగుడి నోట్లో కుక్కింది. లోవరాజు నమిలి, ముఖం చిట్లించి, కమ్మీ కిందినుంచి సముద్రంలోకి ఉమ్మేశాడు.

"నీ ఇసక నీకే," అన్నాడు ముద్దగా.

జనంలో ఎవరో నవ్వారు. "ఆకు గట్టిగా పట్టిందిరోయ్!" అన్నారు ఇంకెవరో. కొంతమంది మళ్లీ చప్పట్లు కొట్టారు.

మంగతాయి పులిసిన పిండి తీపి పాకం గరిటెతో పోసింది. అదీ ఉమ్మేశాడు. "ఇసక పోస్తావేంటే నా నోట్లో! చంపుతావా?" అని గరిటె తోసేశాడు. పాకం ఆమె జాకెట్టు మీద ఒలికింది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో నోటికి నేర్పింది ఒకటే, ఇసకలా తగిలితే ఉమ్మాలని. ఇప్పుడు ఆ మనిషికి బుర్ర పని చేయడం లేదు. నోరు మాత్రం నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేస్తోంది.

ఎవరో వైర్‌లెస్‌లో డాక్టరుని పట్టుకున్నారు. ఆమె పరిగెత్తుతున్న చప్పుడు, వెనక పంటుల మధ్య పలకల మోత వినిపించాయి. పోటు మీద పలకలు కదులుతున్నాయి. "గ్లూకోజు సూది తెస్తున్నాను. మింగగలుగుతున్నాడా? అడిగితే పలుకుతున్నాడా?"

"తిడతన్నాడండి!" అంది మంగతాయి.

"అయితే ఏదో ఒకటి తాగించండి. తీపిది. ఆగకండి."

"ఉమ్మేస్తన్నాడండీ!"

అప్పటిదాకా నూకరత్నం కదలకుండా తమ్ముడి నోటివైపే చూస్తోంది. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ పూట కూర చేపల పులుసు. గిన్నెలో పులుసు పోసింది, అందులో పాకం రెండు గరిటెలు గుమ్మరించింది, చల్లారేలా వేళ్లతో గిలకొట్టింది. చూసిన ఆడవాళ్లు "ఓలమ్మో, పులుసులో పాకమా!" అన్నారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. తమ్ముడి పక్కన కూర్చుని వీపు తన భుజానికి ఆనించుకుంది.

"ఒరేయ్ రాజూ. పులుసురా. తాగు."

గిన్నె పెదవులకి తగిలింది. అతను ఒక గుక్క తాగాడు. మేమంతా కమ్మీ వైపు చూశాం. ఉమ్మలేదు. ఇంకో గుక్క తాగాడు.

"ఉప్పు తక్కువ," అన్నాడు.

"వేస్తానురా. ముందు ఇది తాగు."

"పులుపు బాగుంది."

"తాగరా బాబూ."

అతని నాలుకకి తీపి లేదు. పులుపు, ఉప్పు, కారం ఉన్నాయి. పాకం వాటి వెనక దాక్కుని లోపలికి పోయింది. రెండో గిన్నె సగానికి వచ్చేసరికి లోవరాజు చుట్టూ చూసి, "ఏంటి అందరూ ఇలా నిలబడ్డారు?" అన్నాడు. మంగతాయి అప్పుడు ఏడ్చింది.

డాక్టర్ హసీనా వచ్చి వేలు మిషనులో పెట్టించారు. డెబ్బై తొమ్మిది. అయినా గ్లూకోజు సూది ఎక్కించి, నాడి చేత్తో పట్టుకుని కూర్చున్నారు. గిన్నె వాసన చూశారు, వేలు ముంచి నాకారు. నూకరత్నం వైపు చూసి, "నాకు తట్టేది కాదమ్మా ఇది," అన్నారు.

"మీరు తీపి ఇయ్యమన్నారు కాబట్టి తట్టిందండి," అంది నూకరత్నం.

నమోదు 6

మండలి పడవ చీకటి పడ్డాక వచ్చింది. తనిఖీ రేపు పొద్దున్న.

లోవరాజు డాక్టరు గదిలో పడుకుని ఉన్నాడు. సూది తగ్గించలేదని ఒప్పుకున్నాడు. మామూలు మోతాదు కంటే కొంత ఎక్కువే వేసుకున్నాడు. నంబరు దించితే చాలనుకున్నాడు.

"రేపు మిషను తొంభై చూపిస్తే చాలక్కా. ఇది బయటికి రానియ్యకు," అన్నాడు. "నీ ఆకు కూడా నెగ్గుద్ది. ఇద్దరం నెగ్గుతాం."

నూకరత్నం అతని దుప్పటి సర్దింది. బయటికి వచ్చి కమ్మీ దగ్గర నిలబడింది. ఏం చేస్తారని అడిగాను.

"ఆడు నా మీద దొంగ ఒట్టేసేడండి. దానికి నాకు కోపం లేదు. ఆ నంబర్లకి ఊరంతా చప్పట్లు కొట్టింది. అది నా ఆకు ఘనత అనుకుని నేను మురిసిపోయేను. ఇన్ని రోజులు ఒక్కసారైనా, ఇంత ఎందుకు దిగిందీ అని అడగలేదు నేను. పట్టని కొయ్యని పక్కన పెడతాను కదా. పట్టిందని అనిపిస్తే మటుకు అడగను."

నమోదు 7

తనిఖీ అధికారి వైకుంఠరావు మర్యాదస్తుడు. తీగలు చూశారు, ఆకు నమిలారు, బెల్లం వేసుకుని ఆశ్చర్యపోయారు. తర్వాత లోవరాజు వేలు మిషనులో పెట్టించారు. నూట రెండు.

"బాగుంది," అన్నారు. "నిబంధన లోపలే ఉంది. అనుమతి ఇవ్వొచ్చు. ఆకు వల్ల ఇంత మార్పు అంటే మిగతా ఊళ్లకీ..."

"ఒక్క మాటండి," అంది నూకరత్నం.

ఆమె నిలబడి అంతా చెప్పింది. నలభై తొమ్మిది సంగతి, సూది సంగతి, ఉమ్మడం సంగతి. మాట తడబడలేదు. "ఈ నూట రెండుని ఆకు ఖాతాలో రాయకండి. ఆకు తీపిని ఆపుద్ది. తిండి తగ్గిద్ది. సూది చేసే పని అది చెయ్యదు. సూది వేసుకునేవాడు డాక్టరమ్మకి చెప్పకుండా ఇది నవిలితే ప్రాణం మీదకి వస్తాది. మా ఊళ్లో వచ్చింది. ఆకు పంపితే ఈ మాట కూడా పంపండి. ఈ మాట పంపనంటే ఆకు ఒద్దండి."

వైకుంఠరావు డాక్టర్ హసీనా వైపు చూశారు.

"ఆమె చెప్పింది నిజం," అన్నారు డాక్టరు. "మీ నిబంధనలో పై గీత ఉంది, కింది గీత లేదు. నీళ్లలోకి దిగే మనిషికి నూట నలభై కంటే నలభై తొమ్మిదే ప్రమాదం. ఆ సంగతి మండలికి ఇంతకుముందే రాశాను."

వైకుంఠరావు కలం మూశారు. నిబంధన మార్చే అధికారం తనకి లేదనీ, మార్చమని తనే అడుగుతాననీ అన్నారు. అప్పటిదాకా లోవరాజు నీళ్లలోకి దిగకూడదు. ఇల్లు మాత్రం, దిగే మనిషి ఆ కుటుంబంలో ఉన్నంతకాలం ఉంటుంది. ఆకు కొమ్మలు తీసుకెళతారు, నూకరత్నం మాటతో సహా.

జనం కదిలారు. లోవరాజు కదలలేదు.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే నాకు అనుమతి వచ్చేదక్కా."

"వచ్చేదిరా. రేపు గొలుసు కాడ కిందనే ఉండిపోయేవాడివి. తాడు లాగితే బరువొక్కటే వచ్చేది."

"నాకు నీళ్లు తప్ప ఏం వచ్చు?"

"నీకు తాడు భాష వచ్చు," అంది మంగతాయి వెనకనుంచి. "ఇన్నేళ్లూ నేను పైనుండి నేర్చుకున్నాను. నువ్వు కిందనుండి మాట్లాడేవు. అటూ ఇటూ మారితే చాలు."

లోవరాజు ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వు దిగుతావా? బొద్దింకని చూస్తే బల్లెక్కుతావు."

"అడుగున బొద్దింకలు ఉండవు కదా."

నూకరత్నం నవ్వు ఆపుకోలేకపోయింది. లోవరాజు నవ్వలేదు. అక్క వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. మధ్యాహ్నం గంటకి ముందు నూకరత్నం మైకు దగ్గరికి వెళ్లి, నంబర్లు ఇకమీద బయటికి చదవొద్దనీ, సూది వేసుకునేవాళ్లు ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాకే ఆకు దగ్గరికి రావాలనీ చెప్పింది. ఉమ్మే ఆనవాయితీ కూడా వదిలేద్దామంది. ముసలివాళ్లు కొందరు గొణిగారు. ఆమె వాళ్ల గొణుగుడు మొత్తం విని, మళ్లీ అదే చెప్పింది.

ఈ వృత్తిలో తమ మందు గొప్పదని చెప్పినవాళ్లని చాలామందిని కలిశాను. అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగుతుందో, తన ఇంటికి నష్టం వచ్చేచోట నిలబడి చెప్పిన మనిషిని ఈ ఊళ్లోనే చూశాను.

నమోదు 8

తిరుగు పడవ ఎక్కేముందు గొలుసుల పంటు దగ్గర ఆగాను.

మంగతాయి గాలిగొట్టం మెడకి వేసుకుని అంచున కూర్చుంది. లోవరాజు ఆమె నడుముకి తాడు కడుతున్నాడు. ముడి వేసి లాగి చూశాడు, విప్పి మళ్లీ కట్టాడు.

"బిగించకు మహానుభావా, ఊపిరాడాలి."

"మాట్లాడకు. ఒక్కసారి లాగితే ఏంటి?"

"బాగున్నాను."

"రెండుసార్లు?"

"గాలి తగ్గింది."

"ఆపకుండా లాగితే?"

"తిడతన్నాను."

అతను ముడి వదిలి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నీళ్లలోకి జారింది. తాడు అతని అరచేతుల్లోంచి కొంచెం కొంచెంగా దిగింది.

కాసేపటికి నూకరత్నం ఆకుల పంటు మీంచి పలకలు దాటుకుంటూ వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. అతను తల తిప్పలేదు. తాడు మిగతా చుట్ట ఆమె కాళ్ల దగ్గరికి జరిపాడు. ఆమె వంగి దాని కొస పట్టుకుంది.

మా పడవ కట్టు విప్పారు. నాకు కనిపించినంతసేపూ ఇద్దరి కళ్లూ నీళ్ల మీదే ఉన్నాయి.